జాజు పెట్టని గోడ

మొన్న పొద్దున హన్మకొండలో మా వీధి మలుపు తిరగగానే ఒక వాసన నన్ను పట్టి నిలబెట్టింది. పెద్దరోడ్డు పక్కన చెట్ల మొదళ్లకు మునిసిపాలిటీ పనివాళ్లు సున్నం వేస్తున్నారు. రాజధాని నుంచి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట. రోడ్డు మీది గుంతలు పూడ్చే తీరిక లేక చెట్లకు స్నానం చేయిస్తున్నారు. ఒకతను నడుమెత్తు దాకా తెల్లగా పూసుకుంటూ పోతుంటే, వెనక వస్తున్న ఒకామె పాత పెయింటు డబ్బాలో కుంచె ముంచి ఆ తెలుపు మీద జానెడు ఎర్ర పట్టీ గీస్తోంది. డబ్బాలో ఉన్నది జాజు, ఎర్రమట్టి గడ్డను నీళ్లలో నానబెట్టి కలిపే రంగు. తడి సున్నమూ తడి జాజూ కలిసిన వాసనకు ఎవరూ పేరు పెట్టినట్టు లేదు. తొలి వాన వాసన అనుకోబోయేలోపే గొంతులో సున్నం ఘాటు తగులుతుంది. నాకు ఒకచోట నిలబడటం చేతకాదు. బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ కుర్చీలో కుదురుగా కూర్చోదని పేరు తెచ్చుకున్నదాన్ని. అలాంటిదాన్ని, చేతిలో పాల ప్యాకెట్టుకు చెమటలు పట్టి చీర తడిసేదాకా అక్కడే ఉండిపోయాను.

"ఏమమ్మా, ఏమన్న పారేసుకున్నవా?" అంది జాజు పూస్తున్న ఆమె.

పారేసుకున్న మాట నిజమే గాని రోడ్డు మీద నిలబడి ఏం చెప్పను. "ఏం లేదమ్మ, మా ఇంటి గోడ యాదికొచ్చింది" అని నడిచాను.

మా ఊరు మానుకోట నుంచి జనగామకు పోయే రోడ్డు మీద, జనగామకు దగ్గర్లో ఉంటుంది. బస్సులో వచ్చేవాళ్లకు ముందు కనిపించేది మా ఇల్లు కాదు, మా పశువుల కొట్టం గోడ. నిలువెత్తు మట్టిగోడ, రోడ్డు వెంబడి ఆ మూల నుంచి ఈ మూల దాకా సాగి ఉండేది. ఆగకుండా పోయే బస్సుల్లోని వాళ్లకు మా ఊరంటే ఆ గోడ ఒక్కటే. ఇంటి మగవాళ్లకు భూములు, బావులు, ఎడ్లు, వాటితోపాటు నోరూ ఉండేవి. గోడ మాత్రం అవ్వది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి, సన్నగా, కర్రలా, ఎప్పుడూ ఏదో ఒకటి రుద్దుతూనో తోముతూనో ఉండే మనిషి. ఏ చెలకలో ఏం వేయాలో, ఏ బర్రెను ఎప్పుడు అమ్మాలో మగవాళ్లు తేల్చేవారు. గోడకు ఎప్పుడు పేడ అలకాలో, ఎప్పుడు సున్నం వేయాలో అవ్వను అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

వానలు వెనకబట్టి, ఎండ మళ్లీ కొత్తగా కాయడం మొదలుపెట్టి, మక్క కంకులు కాల్చే వాసన సందుల్లోంచి వస్తున్నప్పుడు, గుట్టల మీద సీతాఫలాలు కళ్లు తెరుస్తున్నప్పుడు, చేల గట్ల మీద తంగేడు పచ్చగా, గునుగు తెల్లగా విరగబూసినప్పుడు అవ్వకు గోడ పిచ్చి పట్టేది. బతుకమ్మ నాటికి గోడ సిద్ధం కావాలి. పెద్ద కాగులో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే అవి బుసబుసమని ఉడికేవి, పిల్లలం దగ్గరికి పోతే వీపులు పగిలేవి. ఈతమట్ట కొసను రాయితో నలగ్గొట్టి కుంచెలు చేసేది. ఊరి బయట తండా నుంచి సోమ్లి జాజు గడ్డలు గంపకెత్తుకుని వచ్చేది. అద్దాల రవికె, చేతుల నిండా తెల్ల గాజులు, తన భాషలో తనతోనే మాట్లాడుకుంటూ గంప దించేది. జాజుకు బదులు అవ్వ జొన్నలు పోసేది, ఇద్దరూ కాసేపు పోట్లాడుకునేవారు, తర్వాత ఒకే అరుగు మీద కూర్చుని సత్తుపిండి తినేవారు. గోడంతా తెల్లబడ్డాక, కింద మోకాలెత్తున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జాజు పట్టీ సాగేది. పట్టీ గీత వంకర పోకుండా నూలుదారం పట్టుకుని నడవడం నా పని. నిలబడమంటే ఊగుతాననీ, నడవమంటే పరుగెత్తుతాననీ అవ్వ నన్ను తిట్టని ఏడు లేదు.

ఇంట్లో మనిషి పోయిన ఏడు మాత్రం పండగ లేదు. మైల కడిగినందుకు గోడలకు ఉత్త సున్నం వేస్తారు, జాజు పెట్టరు. బతుకమ్మ దినాల్లో ఊరు ఊరంతా ఎర్రపట్టీలు కట్టుకుని ఉండగా ఏ గోడ ఉత్త తెలుపుగా కనిపిస్తుందో ఆ ఇంట్లో ఒకరు తగ్గినట్టే. ఎవరినీ అడగక్కర్లేదు. మా వైపు పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఈ చదువు వచ్చేది.

పండగ వెళ్లిందంటే గోడ అవ్వ చేతుల్లోంచి జారిపోయేది. బస్సుల్లోంచి నలుగురి కళ్లూ పడే గోడను రాజకీయం ఖాళీగా ఉండనిస్తుందా! మళ్లీ పండగొచ్చేదాకా దాని మీద ఎవరి రాతలు వాళ్లు రాసుకునేవారు. పండగ ముందు అవ్వ అన్నిటినీ ఒకే కుంచెతో తుడిచేసేది. చదువు రానిది కాబట్టి ఏది ఎవరిదో చూసుకునేది కాదు. చదువు వచ్చినా చూసుకునేది కాదనుకుంటాను.

మొదట రాసింది మా తాత. నేను పుట్టకముందే, నైజాం మీద సంగం కొట్లాడిన కాలంలో. దొర గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన రోజుల్లో తాత చెప్పులు వేసుకుని నడిచి దెబ్బలు తిన్నాడట. తర్వాత గుట్టలు పట్టి తిరిగాడు, తుపాకి దెబ్బకో, బండ మీంచి పడో, ఒక కాలు ఈడుస్తూ ఇంటికొచ్చాడు. దెబ్బ ఎలా తగిలిందో అడిగిన మనిషిని బట్టి కథ మారేది. నాకు తెలిసిన తాత ఇంటి వెనక పందిరి కింద కూర్చుని జనుముతో తాళ్లు పేనేవాడు. ఓట్లు వచ్చినప్పుడల్లా లేచి, కాలీడ్చుకుంటూ పోయి, గోడ మీద ఎర్రజెండా గీసి వచ్చేవాడు. దొర పోయినా, నైజాం పోయినా, తన భూమి తనకు వచ్చినా తాత చేతికి వేరే రంగు అలవాటు కాలేదు.

నాకు బడికి పోయే వయసు వచ్చిన ఏడే బళ్లు మూతపడ్డాయి. అది అరవై తొమ్మిది. పలక కొన్నారు, బలపం కొన్నారు, తీరా చూస్తే పంతుళ్లే ఊరేగింపుల్లో ఉన్నారు. తాతను చూస్తూ పెరిగిన మా బాపు, మెట్రిక్ దాకా చదివి కొలువు రాక నాగలి పట్టినవాడు, ఆ ఏడు తారు డబ్బా తెచ్చి గోడ నిండా నల్లగా 'జై తెలంగాణ' అని రాశాడు. తాత గీసిన ఎర్రజెండా ఆ అక్షరాల కింద పోయింది. తండ్రీకొడుకులు అప్పుడు వాకిట్లో నిలబడి వాదించుకోవడం నాకు గుర్తున్న మొట్టమొదటి పెద్దల గొడవ.

"తెలుగోళ్లను రెండు జేసుడేందిరా? మేం కొట్లాడింది గిందుకా?" అన్నాడు తాత.

"నువ్వు దొరను ఎల్లగొట్టినవ్ నాయినా, మంచిదే. మా కొలువులు తన్నుకపోయేటోళ్లను ఎవలు ఎల్లగొట్టాలె?" అన్నాడు బాపు.

బాపు జనగామ స్టేషన్లో రైలుకు అడ్డంగా కూర్చుని జైలుకు పోతే, అమ్మ నన్నూ అన్ననూ వెంటబెట్టుకుని చిట్యాల దగ్గర తన తల్లిగారి ఊరికి తీసుకుపోయింది. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. అక్కడ మిరపచేలు, మామ భుజాల మీద ఊరేగడాలు, రాచిప్పలో రోజూ పిసికే పచ్చిపులుసు, పెనానికి అంటుకుని మాడిన సర్వపిండి అంచులు. పిల్లలం కర్రాబిళ్లలాంటి చిర్రగోనె ఆట మానేసి కొత్త ఆట కనిపెట్టాం. సగం మంది రైలు, సగం మంది రైలుకు అడ్డం పడేవాళ్లు. రైలు కావడానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో ఆట రోజూ తన్నులాటగా మారేది. "మీ జనగామోళ్లకు బువ్వ లేకున్న నడుస్తది గని జెండా లేకుంటె నడువదు" అని మామ మమ్మల్ని వేళాకోళం చేసేవాడు. తర్వాతి కాలంలో అదే మామ కొడుకులు భూపాలపల్లి బొగ్గుబావుల్లో పనికి కుదిరి, ఏ యూనియన్ జెండా కింద నిలబడాలో తేలక ఒకే క్వార్టర్లో ఉంటూ రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. మామ వేళాకోళం మానేశాడు.

ఉద్యమం చల్లబడింది. దాన్ని నడిపినవాళ్లు చల్లగా పోయి కుర్చీల్లో కూర్చున్నారు. బాపు కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా బావి దగ్గరే ఉన్నాడు. ఊరికి కరెంటు రావాలన్నా, బస్సు ఆగాలన్నా అధికారంలో ఉన్నవాళ్ల వెనక నిలబడాలని ఎవరు చెప్పారో, తనకు తానే చెప్పుకున్నాడో, ఒకరోజు ఖద్దరు చొక్కా వేసుకుని వచ్చాడు. గోడ మీదికి మూడు రంగులు వచ్చాయి. బాపు సర్పంచ్ అయ్యాడు, ఊరికి కరెంటూ వచ్చింది, బస్సూ ఆగింది. తాత మాత్రం కొడుకుతో మాటలు మానేశాడు.

అది మాటలు మానేయడమంటే మామూలుగా కాదు. ఇద్దరి మంచాలూ ఒకే వాకిట్లో, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండేవి. "మీ బాపుకు చెప్పు, బండి ఇరుసు ఇరిగిందని" అనేవాడు తాత. బాపు విని కూడా నేను చెప్పేదాకా ఆగేవాడు. "మీ తాతకు చెప్పు, కొత్త ఇరుసుకు వడ్లాయనకు కబురు పెట్టిన్నని." ఈ మంచం నుంచి ఆ మంచానికి నేను చిన్నప్పుడు నడిచిన నడకతో మానుకోట దాకా పోయి రావచ్చు. ఏడాదికి ఒక్కరోజు, దసరా సాయంత్రం మాత్రం బాపు జమ్మి ఆకులు బంగారమని తాత చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాడు. జమ్మి పెట్టిన చేతిని కాదనడం మా వైపు లేదు. "సల్లంగుండు" అనేవాడు తాత. తెల్లవారితే మళ్లీ నేనే తపాలా.

అన్న ఈ ఇద్దరినీ చూస్తూ పెరిగాడు. వరంగల్‌లో డిగ్రీలో చేరాక సెలవులకు వస్తే తాత దగ్గరే కూర్చునేవాడు, బాపు వస్తే లేచి పోయేవాడు. ఎమర్జెన్సీలో అతని గదిలో ఉండే స్నేహితుణ్ణి ఎవరో పట్టుకుపోయారు. ఆ తర్వాత అన్న చదువు ఎక్కడ ఆగిందో మాకు తెలియదు. ఒక ఏడు ఎండాకాలంలో ఇంటికొచ్చి, అవ్వ పండగకని దాచుకున్న జాజును కుండలో కలుపుకుని, బాపు మూడు రంగుల మీద అడ్డంగా పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలు రాశాడు. పోరాడితే పోయేదేమీ లేదన్న మాటలవి. బాపు చూశాడు, రెండు రోజులు అన్నం తినలేదు. తాత ఆనందపడతాడనుకున్నాను. తాత కూడా ఆనందపడలేదు. "మాకు ఇంటికొచ్చే తొవ్వ ఉండె. వీనికి ఉంటదో ఉండదో" అన్నాడు తాళ్లు పేనుతూ. మరుసటి వారం అన్న వెళ్లిపోయాడు. కొత్తగూడ అడవుల్లో, పోడు కొట్టుకునే వాళ్ల గుడిసెల్లో ఉంటున్నాడని కొన్ని నెలలకు తెలిసింది.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. కుక్క మొరిగితే అమ్మ లేచేది, జీపు చప్పుడైతే బాపు లేచేవాడు. బాపుకు కొడుకు మీద ఎంత కోపముందో అంతకన్నా ఎక్కువ భయముండేది. జీపెక్కిన పిల్లలు స్టేషన్ చేరని కథలు ఆ రోజుల్లో మా తాలూకాలో ప్రతి ఊరికీ ఒకటైనా ఉండేవి. దొరికితే కొడుకు బతకడు, దొరక్కుండా ఉంటే బతుకుతాడు. బాపు రాజకీయమంతా ఆ ఒక్క లెక్కలోకి వచ్చి చేరింది.

ఒక ఏడు బతుకమ్మకు ముందు కొత్తగా వచ్చిన ఎస్సై సర్పంచ్‌ను చూసిపోదామని వచ్చి, అరుగు మీద చాయ తాగుతూ, అన్న నేస్తాలు ఎప్పుడో రాసి పోయిన రాతల వైపు చూశాడు.

"మీ గోడ మీద ఎరుపు ఎక్కువైంది సర్పంచ్ గారూ. పండగలోపు ఏ ఎరుపూ కనబడకూడదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

బాపు ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం అవ్వ దగ్గరికి వచ్చాడు. మా వైపు కన్నతల్లినీ అవ్వ అనే పిలుస్తారు.

"అవ్వా, ఈయేడు సున్నం ఒక్కటే. జాజు వద్దు."

"జాజు లేకుంట పండుగేంది కొడుకా? మనింట్ల పీనుగెల్లిందా?"

"వాళ్లకు కోపమొస్తె నిజంగనే ఎల్లుతది. జర నా మాటిను."

తాత పందిరి కింద నుంచి నన్ను కేకేశాడు. "మీ బాపుకు చెప్పు, మట్టికి పార్టీ లేదని."

"మీ తాతకు చెప్పు," అన్నాడు బాపు, "గది నాకెరుకే, ఎస్సైకి ఎరుకలేదని."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరూ విన్నారుగా. మరునాడు సోమ్లి గంపతో వస్తే అవ్వ ఆమెను గుమ్మం ముందే ఆపి, జొన్నలు మాత్రం పోసి, జాజు దించనీయకుండా పంపించింది. సోమ్లి మా ఇంట్లోకి తొంగిచూసి, తాత దగ్గు వినబడ్డాక గాని కదల్లేదు. అవ్వ గోడంతా తెల్లగా వేసి, కింద ఖాళీగా ఉన్న మోకాలెత్తును చూస్తూ చాలాసేపు కూర్చుంది. నూలుదారం నా చేతిలోనే ఉండిపోయింది.

సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం. వాకిట్లో తంగేడు, గునుగు, బంతి కుప్పలు పోసుకుని నేను బతుకమ్మ పేరుస్తున్నాను. లోపల అమ్మ మలీద ముద్దలకు రొట్టెలు నలుపుతోంది, బెల్లమూ నెయ్యీ కలిసిన వాసన వాకిలి దాకా వస్తోంది. మానుకోట బస్సు మా గోడ దాటి కొంత దూరం పోయి, ఎవరో అరిచినట్టు గక్కున ఆగింది. గడ్డం పెరిగిన ఒక మనిషి, తలకు తువ్వాల, చెప్పులు చేతబట్టుకుని పరుగున వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు. మాట్లాడేదాకా అన్నను నేను గుర్తుపట్టలేదు.

"తాత ఎన్నడు పోయిండు?" అన్నాడు.

"తాతకేమైంది? అగో, ఎనక తాళ్లు పేనుతుండు" అన్నాను.

అన్న ఇంటి వెనక్కి పరుగెత్తి తాత ఒళ్లో తలపెట్టాడు. కొత్తగూడ నుంచి ఏదో పని మీద జనగామకు పోయి రైలెక్కాల్సినవాడు. దారి పొడుగునా ఊళ్ల గోడలన్నీ ఎర్రపట్టీలతో నవ్వుతుంటే కిటికీలోంచి చూసుకుంటూ వచ్చాడట. మా గోడ ఒక్కటే ఉత్త తెలుపు. ఇంట్లో పోవాల్సిన వయసు ఎవరిదో తెలుసు కాబట్టి ఇంకేమీ ఆలోచించలేదు.

"నువ్వు సచ్చిపోయినవనుకున్న తాత. గోడ జూసిన."

తాత చేతిలో తాడు జారిపోయింది. "గోడ జూసి దిగినవా, పట్టపగలు! ఎంత పనాయె బిడ్డ" అని అన్న నెత్తి నిమిరాడు. అవ్వ పిండిచేతులతోనే వచ్చి మలీద ముద్ద అన్న నోట్లో కుక్కింది. కుక్కుతూనే ఆమె రోడ్డు వైపు చూసింది. తను తెల్లగా వేసిన గోడే మనవణ్ణి ఇంటికి పిలిచిందని ఆమెకు అందరికన్నా ముందు అర్థమైంది.

బాపు బావి నుంచి పరుగున వచ్చాడు. "దిగంగ ఎవలన్న జూసిండ్రా?" అన్నాడు. చూడనిది ఎవరు, బస్సు బస్సంతా చూసింది. మక్కచేల వెనక నుంచి పంపించేద్దామని చెప్పులు వెతుకుతుండగానే జీపు వచ్చింది. గోడ పక్కనే ఆగింది.

ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ తలుచుకుంటే లేచి అటూ ఇటూ నడవాల్సి వస్తుంది. అన్నకు బేడీలు వేసి జీపు వెనక ఎక్కించారు. అమ్మ ఏడుస్తోంది. బాపు ఎవరినీ అడక్కుండా జీపెక్కి అన్న పక్కన కూర్చున్నాడు. ఖద్దరు కండువా ఒక కొసను అన్న మణికట్టుకు ముడివేసి రెండో కొసను తన చేతికి చుట్టుకున్నాడు.

"మీరెందుకండీ, దిగండి. మీ అబ్బాయిని జాగ్రత్తగానే చూసుకుంటాం" అన్నాడు ఎస్సై.

"మంచిది. ఆ జాగ్రత్తేందో నేను గూడ జూస్త" అన్నాడు బాపు. దిగలేదు. పెద్దవాళ్ల పేర్లు చెప్పాడు, ఆ పేర్లు పనిచేయకపోతే ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. జనం పోగయ్యారు, బతుకమ్మలు పేరుస్తున్న ఆడవాళ్లు చేతుల్లో పూలతోనే వచ్చి జీపు చుట్టూ నిలబడ్డారు. ఇంతమంది కళ్ల ముందు సర్పంచ్‌ను రెక్కపట్టి దించడం ఎస్సైకి చేతకాలేదు. జీపు ఇద్దరినీ ఎక్కించుకునే పోయింది. బాపు స్టేషన్లోనూ ఆ కండువా విప్పలేదట. అన్నను జనగామ కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేదాకా, అందరూ చూస్తుండగా అతని పేరు కాగితం మీదికి ఎక్కేదాకా పక్కనే ఉన్నాడు. అన్న జైలుకు పోయాడు. జైలుకు పోయాడని మా ఇంట్లో ఊపిరి పీల్చుకున్నారు.

బాపు తిరిగొచ్చేసరికి దసరా వెళ్లిపోయింది. ఖద్దరు మురికి పట్టి, గడ్డం మాసి వాకిట్లోకి వచ్చాడు. తాత మంచం మీంచి లేచాడు. ఆ ఏడు జమ్మి తన చేతిలో పెట్టేవాళ్లు లేక ఎవరో ఇచ్చిన ఆకులు తలగడ కింద దాచుకున్నాడు, అవి అప్పటికే వాడిపోయాయి. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ముందు జమ్మి పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. తాత కాలీడ్చుకుంటూ వచ్చి ఆ ఆకులు బాపు చేతిలో పెట్టాడు.

"బువ్వ తిన్నవా?" అన్నాడు.

నన్ను పిలవలేదు. నేరుగా అడిగాడు. బాపు గోడ వైపు తిరిగాడు. నా తపాలా ఉద్యోగం ఆ రోజుతో పోయింది, నాకు ఆ రోజంత సంతోషం మళ్లీ ఏ ఉద్యోగంలోనూ దొరకలేదు.

ఆ కండువా బాపును ఊళ్లో పెద్దవాణ్ణి చేసింది, పార్టీలో చిన్నవాణ్ణి చేసింది. అడవిలోని కొడుకును వెనకేసుకొచ్చినవాడన్నారు. తర్వాత సర్పంచ్ ఇంకొకరయ్యారు. అన్న బెయిలు మీద బయటికొచ్చి, ఒక్కపూట ఇంట్లో ఉండి, మళ్లీ కొత్తగూడ వైపే వెళ్లిపోయాడు. తాతా బాపూ రోజూ పక్కపక్కన కూర్చుని, ఏ రాజకీయమూ మాట్లాడకుండా, వానల గురించీ ఎడ్ల గురించీ మాట్లాడుకునేవారు. ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ ఎడ్ల గురించేనా అనిపించేది నాకు.

పసుపు జెండా మా ఊళ్లోకి వచ్చిన ఏడే తాత పోయాడు. బతుకమ్మ ఇంకా కొన్ని రోజులు ఉందనగా, తాళ్లు పేనుతూనే, పందిరి గుంజకు ఒరిగిపోయాడు. మైక్ కట్టిన జీపు ఆ దినాల్లోనే ఊరి మీదుగా పోయింది, మా వాకిట్లో జనాన్ని చూసి మైక్ ఆపేసింది. పెద్దకర్మకు ముందు అవ్వ గోడకు సున్నం వేసింది. తెల్లటి గోడ, ఉత్త తెల్లటి గోడ. ఈసారి అది నిజం.

బాపు దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. సాయంత్రం బస్సు ఒకటి గోడ పక్కనుంచి పోయింది. బాపు కళ్లు ఆ బస్సు కిటికీల వెంటే పోయాయి. తర్వాత తండా వైపు నడిచాడు. కూలికి ఒకర్ని పంపిస్తే అయ్యే పనికి, ఖద్దరు కట్టిన మనిషి సోమ్లి గుడిసె ముందు నిలబడి జాజు అడిగి తెచ్చాడు. తన చేత్తోనే గడ్డలు చితగ్గొట్టి కుండలో కలిపి, అవ్వ ముందు పెట్టాడు.

"పెట్టు అవ్వా" అన్నాడు. "పోరడు బస్సుల పోతడు. గోడ జూసి మల్ల దిగుతడు."

నుదుట బొట్టు తీసేసిన అవ్వ, చావింటి గోడకు జాజు పెట్టింది. మొగుడు పోయిన దుఃఖాన్ని గోడకు కూడా చెప్పుకునే వీలు లేకుండా పోయింది ఆమెకు. నేను నూలుదారం పట్టుకుని నడిచాను. ఆ ఒక్క ఏడు ఊగలేదు, పరుగెత్తలేదు. ఊళ్లో ఆడవాళ్లు దూరం నుంచి చూసి చెవులు కొరుక్కున్నారు. సోమ్లి ఒక్కతే దగ్గరికొచ్చి, రెండో కుంచె అందుకుని అటు చివరి నుంచి పట్టీ వేసుకుంటూ వచ్చింది. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు.

అన్న ఎనభైలు అయిపోతుండగా, మలేరియాతో ఎముకల గూడై, కేసులు ఒక కొలిక్కి వచ్చాక ఇంటికొచ్చాడు. అప్పటికి అవ్వా లేదు. ఒక మధ్యాహ్నం కొట్టం దగ్గర కూర్చుని నాకు చెప్పాడు. తాత పోయిన ఆ బతుకమ్మకు నిజంగానే మానుకోట బస్సులో మా ఊరి మీదుగా పోయాడట. ఊరు రాకముందే సీట్లోంచి లేచి నిలబడి కిటికీలోంచి చూస్తే ఎర్రపట్టీ కనిపించిందట.

"పాణం నిమ్మలమాయె" అన్నాడు. "పల్లీలు కొనుక్కున్న. జనగామ దాక తినుకుంట పోయిన."

తాత పోయాడని అతనికి తెలిసింది నెలల తర్వాత. ఆ పల్లీల మాట చెప్పినప్పుడు అన్న మొహంలోకి నేను చూడలేకపోయాను. కోపం తెచ్చుకోవడానికి మనిషి కనిపించలేదు అతనికి. కండువా ముడివేసిన చేతులే జాజు కలిపాయి.

తర్వాతి కథ అందరి ఇళ్లలోదే. బాపు చివరి రోజుల్లో పసుపుకు ఓటేశాడు, ఖద్దరు మాత్రం విప్పలేదు. అన్న బాపు పలుకుబడితో మండలంలో నాయకుడయ్యాడు, ముందు పసుపు, ఆ తర్వాత గాలి ఎటు వీస్తే అటు. కండువాలు మారుతుంటే నేను లెక్కపెట్టడం మానేశాను. "అడివిల ఒక్క రంగే జూసిన, ఇప్పుడు అన్నీ జూడనీయ్" అని నవ్వుతాడు. నన్నడిగితే, నేను ఏ ఎన్నికలోనూ ముందుసారి వేసినవాళ్లకు మళ్లీ వేసినదాన్ని కాదు. కుదురులేనితనం ఓటు దాకా వచ్చింది. అన్న కొడుకు ఫోన్లోనే రాజకీయం చేస్తాడు, అతనికి గోడ అక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టం గోడను పొక్లెయిన్ ఒక్క పూటలో నేలమట్టం చేసింది. విరిగిన పెళ్లల్లో తెలుపు, ఎరుపు, తారు, మూడు రంగులు పొరలు పొరలుగా కనిపించాయి. ఇప్పుడు అక్కడ ఇనప కడ్డీలకు కట్టిన ఫ్లెక్సీలు గాలికి కొట్టుకుంటాయి. తండాలో సోమ్లి మనవలు హైదరాబాద్ పోయారు, జాజు తవ్వే మనిషి లేదు.

పాలు ఫ్రిజ్‌లో పెట్టి బాల్కనీలోకి వచ్చేసరికి పెద్దాయన కాన్వాయ్ వచ్చే వేళయింది. జనగామ నుంచి వచ్చే కార్లలో మా అన్న కూడా ఉన్నాడు, పొద్దున్నే ఫోన్ చేశాడు. రోడ్డు పొడుగునా చెట్లన్నీ తెల్లగా, తెలుపు మీద ఎర్ర పట్టీలతో బారుగా నిలబడి ఉన్నాయి. కార్లు వచ్చాయి, అద్దాలన్నీ నల్లగా మూసి ఉన్నాయి. ఒక్క కారుకే వెనక అద్దం దించి ఉంది. మెడలో కొత్త రంగు కండువాతో, నెత్తి నెరిసిన మా అన్న, నేను పైనుంచి చేయి ఊపుతున్నా చూడకుండా, ఒక్కో చెట్టు మొదలే చూసుకుంటూ పోయాడు.